మీరు రెసిడెంటేనా?

"మీరు రెసిడెంటేనా?" అని ఊరి పెద్ద వెర్లిన్ మైకులో అడగ్గానే హాలంతా మళ్ళీ ఘొల్లుమంది, మధ్యాహ్నం నుంచీ మాట్లాడటానికి లేచిన ప్రతివాళ్ళనీ ఇదే అడుగుతున్నాడు, ప్రతిసారీ ఇలాగే నవ్వుతున్నారు, మైకు ముందు నిలబడ్డ పాలకేంద్రం ముసలాయన టోపీ తీసి "నాకింకా ఆ ఖర్మ పట్టలేదు వెర్లినూ, నేను ఊరివాణ్ణి" అన్నాడు, దానికి ఇంకో నవ్వు, వెర్లిన్ తనూ నవ్వాపుకుంటూ "చట్టం అడగమంది, అడుగుతున్నా, అవునో కాదో చెప్పు, లవాన్ రాసుకోవాలి" అన్నాడు, ముసలాయన గొణుగుతూ అవునన్నాడు, పక్క బల్ల దగ్గర కూర్చున్న ఊరి గుమస్తా లవాన్ రాసుకుంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే పట్టేస్తారేమోనని నవ్వాను, అయినా నిజంగా నవ్వొచ్చే సంగతే, లోకంలో ఎక్కడైనా ఊళ్ళో ఉండేవాణ్ణి రెసిడెంట్ అంటారు, మా నార్డాల్‌లో మాత్రం ఆ మాటని ఎవరూ ఒంటికి తగలనివ్వరు, పిల్లల హాకీ పాసు కాగితంలో కనిపించినా సరే కొట్టేసి 'ఊరివాణ్ణి' అని రాస్తారు, ఆ మాట కొండమీదవాళ్ళది. కొండమీద రెండు కంచెల లోపల ఉండే మగవాళ్ళు పసివాళ్ళ మీదో ఆడవాళ్ళ మీదో చెయ్యకూడనివి చేసి, జైల్లో శిక్ష మొత్తం గడిపి, బయటికి రావాల్సిన సమయానికి కోర్టు వీళ్ళ వల్ల ఇంకా ప్రమాదమే, మారేదాకా లోపలే ఉంచి వైద్యం చెయ్యండి అంటే ఇక్కడికొచ్చినవాళ్ళు. శిక్ష అయిపోయింది, ఖైదీలనకూడదు. ఒంట్లో జబ్బు లేదు, పేషెంట్లనకూడదు. చట్టం ఆలోచించి ఆలోచించి రెసిడెంట్లు అంది, ఊరు ఆ మాటని వాళ్ళకొదిలేసి చేతులు కడుక్కుంది.

ఇంకాసేపట్లో నన్నూ అడుగుతాడు. అరచేతులు తడిసిపోతున్నాయి, ప్యాంటుకి తుడుచుకుంటే వేళ్ళకి కొట్లో నేనమ్మే ఎరచేపల వాసన, ఎంత సబ్బు రుద్దినా పోని వాసన, ఆ వాసన నాకిప్పుడు ఎంత ధైర్యమిస్తోందో, సిగ్నీ, నువ్వు పనిచేసుకు బతికే మనిషివి, ఈ హాల్లో కూర్చునే హక్కున్న మనిషివి అని చెబుతున్నట్టు. స్కూలు బాస్కెట్‌బాల్ హాలు ఇది, నేల మీద మెరుగునూనె వాసన, మూలన పేలాల మిషను, గోడవారన బల్ల మీద ఆడవాళ్ళు చేసుకొచ్చిన నిమ్మకాయ తీపి బిళ్ళలు, పైన స్కోరు బోర్డు, మాట్లాడేవాళ్ళకి తలా మూడు నిమిషాలు, లెక్క దాని గడియారం మీదే, అయిపోతే ఆటలో మోగే అదే బజరు, ప్రాణం ఎగిరిపోతుంది. గడియారానికి అటు హోమ్ సున్నా, ఇటు గెస్ట్ సున్నా వెలుగుతున్నాయి, ఆర్పడం గడియారం నడుపుతున్న స్కూలు కోచ్‌కి తెలియలేదట. నేనింత కంగారు పడుతున్నది ఒక మురుగు పైపు కోసం, ఎవరికైనా చెబితే నవ్వుతారు. కొండమీద మంచాలు చాలడం లేదు, కొత్త బ్లాకు కడదామని ప్రభుత్వం సిద్ధంగా ఉంది, ప్లాను ఉంది, స్థలముంది, లేనిదల్లా దాని మురుగు పోయే దారి, అది ఊరి పైపులో కలవాలి, కలవాలంటే ఊరు సరేననాలి. వెర్లిన్ ఊరి పెద్దే కాదు, సెప్టిక్ ట్యాంకులు తోడే లారీ ఆయనదే, సభ మొదలవగానే "పైపు పడితే నా బేరం పోతుంది, పడకపోతే కొండమీదిదంతా నేనే తోడిపోసుకోవాలి, ఎటు తిరిగినా నా వాటాకొచ్చేది అదే, కాబట్టి నేను ఎటూ కాదు" అని పొట్టచెక్కలయ్యేలా నవ్వించాడు. ఊరు వద్దంటే లోపలివాళ్ళలో సగంమందిని దక్షిణాన ఎక్కడో మూతపడ్డ పాత జైలుకి తరలిస్తారు, అక్కడ గోడలున్నాయి, మంచాలున్నాయి, వైద్యం చేసేవాళ్ళు లేరు. తరలించేవాళ్ళలో మా అన్న ఉన్నాడు.

మా అన్న కొండమీద ఉన్నాడని ఈ హాల్లో ఒక్కరికీ తెలియదు.

"ఏంటే ఆ వణుకు, సిటీ పిల్లా? తాగు" అని నేను పనిచేసే ఎరల కొట్టు యజమానురాలు ఆర్డిస్ కాఫీ కప్పు నా ఒళ్ళో పెట్టింది, గుడ్డు కొట్టి వేసి మరిగించి వడకట్టిన కాఫీ, చర్చి ఆడవాళ్ళు పెద్ద గంగాళంలో కాస్తారు, బంగారం రంగులో ఉంటుంది, మొదటిసారి ఇస్తే కాఫీలో గుడ్డేంటి అని మొహం పెట్టానట, ఆర్డిస్ ఇప్పటికీ కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ నా మొహం ఎలా పెట్టానో పెట్టి చూపిస్తుంది. "కొట్టు తరఫున మాట్లాడుతున్నావుగా, పైపు పగిలితే చెరువులో చేపలు బతుకుతాయా అని గట్టిగా అడుగు, నువ్వడిగితే సమాధానం చెబుతారు, నేనడిగితే ముసల్ది వాగుతోందంటారు" అంది. ఊఁ అన్నాను. ఈ మనిషికి నేను ఎంత రుణపడి ఉన్నానంటే, చలికాలం మధ్యలో బట్టల సంచీతో బస్సు దిగి, తెరిచి ఉన్న ఒకే ఒక్క తలుపు ఎరల కొట్టుదైతే లోపలికి దూరాను, వానపాముని చూస్తే కెవ్వుమనే మినియాపొలిస్ పిల్లని, ఎందుకొచ్చావని అడగలేదు, ఎన్నాళ్ళుంటావని అడగలేదు, "పొద్దున్నే లేవడం వచ్చా?" అని ఒక్కటే అడిగింది. వచ్చన్నాను, అబద్ధం, ఇప్పుడు నిజంగా వచ్చు. చేతికి చిన్న వల ఇచ్చి తొట్టిలో ఎరచేపలు ఎలా తోడాలో నేర్పింది, గబుక్కున ముంచకు, నీళ్ళు బెదిరితే చేపలు బెదురుతాయి, చెయ్యి లోపల పెట్టి కాసేపు ఊరుకో, అవే అలవాటు పడతాయి అంది. నేను ఈ ఊళ్ళో చేసింది కూడా అదే ఆర్డిస్, చెయ్యి లోపల పెట్టి ఊరుకున్నాను. ఆదివారాలు సెలవు కావాలంటే ఎందుకంది, పక్కూరి చర్చికన్నాను, అప్పట్నుంచి ప్రతి ఆదివారం అల్లం బిస్కెట్లు డబ్బాలో పెట్టి మీ పాస్టరుకియ్యి అని పంపుతుంది, కొండమీదికి బయటి తిండి రానివ్వరు, అన్నని చూసొచ్చాక, ఇక్కడికొచ్చాక కొనుక్కున్న పాత కారులో కూర్చుని ఆ బిస్కెట్లన్నీ నేనే తింటాను, తింటూ ఏడుస్తాను, ఏడుస్తూ అబ్బ ఎంత బాగున్నాయో అనుకుంటాను.

బజరు మోగింది. ముసలాయన వెళ్ళి కూర్చున్నాడు, ఎవరో చెమటలు పోస్తున్నాయంటే స్కూలు కాపలామనిషి పొడుగు కర్ర తెచ్చి గోడ మీద ఎత్తుగా ఉన్న కిటికీని తోశాడు, బయట కరుగుతున్న మంచు వాసన లోపలికొచ్చింది, మార్చి వాసన, చెరువు మీద మంచు పలచబడే రోజుల వాసన, ఆ వాసనొస్తే నాకు ఆర్లో గుర్తొస్తాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, నాకు స్కేటింగ్ నేర్పింది వాడే, నా కోటు టోపీ వెనక నుంచి పట్టుకుని గాలిపటాన్ని వదిలినట్టు వదిలేవాడు, నేను పడితే ఎత్తేవాడు కాదు, ముందు లేవడం నేర్చుకో, నిలబడటం దానంతటదే వస్తుంది అనేవాడు, నాతోపాటు మా పక్కింటి పెట్రా కూడా నేర్చుకునేది, ఇద్దరికీ తొమ్మిదేళ్ళు, ఇద్దరికీ ముందు పళ్ళు వంకరే, చేతులకి వాడి పాత గ్లోవ్స్ వేసుకునేది, వేళ్ళ చివర్లు ఖాళీగా ఊగుతుండేవి. ఆ చలికాలం తర్వాత పెట్రా మా ఇంటికి రాలేదు. ఎందుకు రావడం లేదని ఒక్కరూ అడగలేదు, పిల్లలు కదా, పోట్లాడుకుని ఉంటారు అనుకున్నారు. చాలా ఏళ్ళకి తనే నోరు విప్పింది, పోలీసులొచ్చారు, ఆర్లో జైలుకెళ్ళాడు, మా అమ్మ గోడ మీద వాడి ఫోటో తీసేసి ఆ మేకుకి క్యాలెండర్ తగిలించింది, ఎవరైనా అడిగితే నాకొక్కతే కూతురంటుంది. శిక్ష అయిపోయే ముందు, ఇంకా లోపలే ఉంచాలా వద్దా అని తేల్చే రెండో కోర్టులో పెట్రాని మాట్లాడమన్నారు, నేను వెనక బెంచీలో ఉన్నాను, తను పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు, వాడి వైపు చూడలేదు, ఎండాకాలం అందరిలా కిటికీ తెరుచుకుని పడుకోవాలనుంది, అంతే, అని కూర్చుంది. అంతే. ఆ రోజు నాకు అర్థమైంది, వాడి తలుపుకి పడే తాళం పెట్రా కిటికీకి తీసే గడియ, రెండూ ఒకటే ఇనుము. ఆ తాళం లేకపోతే నేను మా అన్నని ప్రేమించలేను, భయపడటంతోనే సరిపోయేది, ఆ తాళం వేసిన వాళ్ళెవరో, పొద్దునా సాయంత్రం తలుపులు చూసుకునే వాళ్ళెవరో, వాళ్ళ చేతులకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు, వాళ్ళ వల్లే నాకు అన్న మిగిలాడు.

కానీ తాళం ఒక్కటే అయితే ఏ జైలైనా వేస్తుంది. కొండమీద పెల్టో మేడమ్ అని వైద్యం చేసే ఒకావిడుంది, చిన్న మనిషి, గొంతు మాత్రం మెట్లమీంచి సామాను దొర్లినట్టుంటుంది, గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి అందరినీ కూర్చోబెట్టి, చేసింది చెప్పమంటుంది, ఒకే ఒక్క షరతు, 'ఎందుకంటే' అనకూడదు. తాగి ఉన్నాను ఎందుకంటే, ఒంటరిగా ఉన్నాను ఎందుకంటే, మా నాన్న కొట్టేవాడు ఎందుకంటే, ఏదీ కుదరదు, ఎవరి నోట్లోంచైనా ఆ మాట దొర్లగానే చుట్టూ ఉన్నవాళ్ళు బూటుతో నేలని టక్కుమని కొడతారు, మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి. ఆర్లోకి అది ఎంత అలవాటైందంటే నేను చూడ్డానికెళ్ళినప్పుడు "నిన్న అన్నం తినలేదు, ఎందుకంటే" అని తనే టక్కుమనిపించి నాలిక కరుచుకుంటాడు, ఇద్దరం నవ్వుకుంటాం, నాకూ అంటుకుంది, మొన్న కొట్లో బేరానికొచ్చిన డ్వేన్‌తో "ఇవాళ ఎరచేపలు లేవు, ఎందుకంటే" అనగానే నా కాలు టక్కుమంది, ఏంటమ్మాయ్ నేలలో ఎలకలున్నాయా అన్నాడు. మంచాలు చాలక ఆ కుర్చీల గదిలో మంచాలు వేసేశారు. ఇప్పుడు వాళ్ళ మాటలన్నీ బట్టలారబెట్టే మిషన్ల గదిలో, ఆ మోతలో, కొంతమందికి అదే బాగుందట, ఏం చెప్పినా వినపడదు, పెదాలాడిస్తే చాలు. ఆర్లో చెప్పాడు, చలికాలం మొదట్లో ఒకరోజు తన వంతొస్తే మోతలో ఎవరికీ వినపడలేదని పెల్టో మేడమ్ గట్టిగా అంది, ఇంకా గట్టిగా అంది, చివరికి అరిచాడట, పెట్రా అని, పేరు, ఆ పేరుని వాడు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పలకలేదు, ఆ పిల్ల, ఆమె, బాధితురాలు అనేవాడు, గొంతు చించుకుని పేరు అరిచాక ఇంక ఏ మాట వెనకా దాక్కోవడానికి చోటు లేకపోయింది సిగ్నీ అన్నాడు, చెప్పి చేతులు బల్ల మీద పెట్టి వాటివైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ మిషన్లకి కూడా నేను థాంక్స్ చెప్పుకున్నాను, పిచ్చిదాన్ని. వాడు మొదలుపెట్టాడు. కేవలం మొదలు. దక్షిణానికి పంపితే అక్కడ అడిగేవాళ్ళుండరు, పేరు మళ్ళీ లోపలికి పోతుంది.

"మీరు రెసిడెంటేనా?"

"కొండమీదికి నన్ను పంపాలని నా పెళ్ళాం ఎప్పట్నించో చూస్తోంది, ఇంకా ఖాళీ లేదంట" అన్నాడు డ్వేన్, హాలు మళ్ళీ ఘొల్లుమంది, డ్వేన్ స్కూలు బస్సు నడుపుతాడు, మా కొట్టుకి రోజూ మొదట వచ్చేది ఆయనే, తెల్లారకుండానే చెరువు మీద మంచుకి బెజ్జం వేసుకుని అందులో గాలం వేసి కూర్చోవాలి, చచ్చిన ఎరచేప ఒక్కటి పడినా ఊరుకోడు. నవ్వులాగాక టోపీ నలుపుతూ నిలబడ్డాడు, గడియారం పరిగెడుతోంది. "నాకు వాళ్ళ మీద కోపమేం లేదు" అన్నాడు. "భయం. బస్సు ఆ కొండ కింద నుంచి తిప్పుతా, వెనకాల పిల్లలు పాటలు పాడుకుంటుంటారు, మా మనవరాలుంటుంది, మలుపు తిరిగేదాకా నాకు ఊపిరాడదు. కంచె బలమైందే, తెలుసు. అయినా ఆడదు. ఇప్పుడున్నవాళ్ళకే ఇలా ఉంటే ఇంకో బ్లాకు నా వల్ల కాదు. అంతే." బజరు మోగకముందే వెళ్ళి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారు, నా చేతులు కూడా లేచాయి, కొట్టాను, అబద్ధపు చప్పట్లు కావు. ఆ మాట ఎంత మంచిదో ఆయనకి తెలియదు, పిల్లల కోసం ఊపిరి బిగబట్టే మనిషి, మా వీధిలో అప్పుడు అలాంటి మనిషి ఒక్కడుంటే, పెట్రా కోసం ఊపిరాడని వాడొక్కడుంటే. నువ్వు వద్దంటున్నావు డ్వేన్, నా నెత్తిన రాయి వేస్తున్నావు, అయినా నీ భయానికి నేను రుణపడి ఉన్నాను, నాకు రెండూ కావాలి, నీ భయం కావాలి, ఆ బ్లాకూ కావాలి, ఇది మూడు నిమిషాల్లో ఎలా చెప్పడం?

చెప్పనక్కర్లేదు కదా. అవును రెసిడెంట్‌నే అని గబుక్కున అనేసి, నిజమే, ఓటుంది, అద్దె గది ఉంది, ఉద్యోగాలొస్తాయి, మంచి పైపు వేస్తే చెరువుకీ మంచిదేనట అని చెప్పేసి కూర్చోవచ్చు, నాలుగు ఓట్లు అటు తిరుగుతాయేమో, సోమవారం మళ్ళీ తొట్టి దగ్గర నిలబడతాను, ఆర్డిస్ మళ్ళీ బిస్కెట్లిస్తుంది, ఎవరి మొహమూ మారదు. నాకు ఆ మొహాలు కావాలి. ఎంత కావాలంటే, మా అమ్మ క్యాలెండర్ తగిలించిన ఇంట్లోంచి వచ్చినదాన్ని నేను, పేరు పెట్టి పిలిచి, కాఫీ ఇచ్చి, నా మొహాన్ని అనుకరించి నవ్వించే ఊరు నాకు ఊరికే దొరికింది, ఊరికే దొరికినదాన్ని ఊరికే పోగొట్టుకోవాలా? కానీ అబద్ధం చెప్పనని కాదు, సగమే చెప్పడానికి నాకు మాటలు దొరకడం లేదు, ఉద్యోగాలొస్తాయి ఎందుకంటే, చెరువుకి మంచిది ఎందుకంటే, ప్రతి వాక్యం దాంతోనే మొదలవుతోంది, ప్రతిసారీ నా కాలు టక్కుమంటోంది, ఆర్డిస్ వంగి నా బూటు వైపు చూసి "బాత్రూమ్‌కెళ్ళాలా?" అని గుసగుసగా అడిగింది.

"సిగ్నీ రోడ్" అని ఇంటిపేరుతో సహా పిలిచాడు వెర్లిన్.

లేచాను. కుర్చీ కిర్రుమంది. నేల మీద గీతలు దాటుకుంటూ నడిచాను, ఎర్రగీత, నల్లగీత, మైకు నా మెడ ఎత్తుకి లేదు, వెర్లిన్ లేచొచ్చి వంచి సర్దాడు, నాకు మర్యాద చేస్తున్నాడు చూడు ఈ మనిషి, స్కోరు బోర్డు మీద మూడు వెలిగింది, కోచ్ బొటనవేలు చూపించాడు. వెర్లిన్ నవ్వుతూ, ముందే సారీ చెబుతున్నట్టు మొహం పెట్టి, "ఏం అనుకోకమ్మాయ్, నిన్నూ అడగాల్సిందే. మీరు రెసిడెంటేనా?" అన్నాడు, వెనకాల అప్పుడే నవ్వు మొదలైంది, జోకు కోసం ఎదురుచూస్తున్న నవ్వు.

"రెసిడెంట్ చెల్లెల్ని" అన్నాను.

నవ్వారు. కొంతమంది నిజంగానే నవ్వారు, మంచి జోకనుకున్నారు పాపం, ఆ నవ్వు సగంలో ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోతూ వచ్చింది. మూలన పేలాల మిషన్లో ఒక్క గింజ పేలింది.

"మా అన్న పేరు ఆర్లో. ఒక చిన్నపిల్లకి అన్యాయం చేశాడు. ఆ పిల్ల నా స్నేహితురాలు." ఆగాను, తర్వాతి మాట నోట్లోకొచ్చేసింది, ఆ మాట, మింగాను. "వాణ్ణి వదిలిపెట్టమని నేను అడగడం లేదు. ఉంచమని అడుగుతున్నాను. ఇక్కడ ఉంచమని. ఇక్కడ కుర్చీలు గుండ్రంగా వేసుకునే గది ఒకటుండేది, మంచాలేసి అది తీసేశారు, కొత్త బ్లాకు వస్తే ఆ గది వస్తుంది. ఆ పిల్ల పేరు మా అన్న ఈ చలికాలంలోనే మొదటిసారి పలికాడు. దక్షిణానికి పంపితే కంచె ఉంటుంది, అడిగేవాళ్ళుండరు. డ్వేన్ గారు ఊపిరాడదన్నారు. నాకూ ఆడదు. మీరలాగే భయపడండి, మానకండి." ఇంకేముంది? ఇంకొకటుంది, అసలు దానికోసమే లేచానేమో. "పైపు ఇచ్చినా ఇవ్వకపోయినా మీకు థాంక్స్ చెప్పుకోవాలి. మీరు వాళ్ళని ఇన్నేళ్ళూ కొండమీద ఉండనిచ్చారు. మా అమ్మ ఇంట్లో ఫోటో కూడా ఉండనివ్వలేదు. నన్ను మాత్రం ఎవరని అడక్కుండానే పనిలో పెట్టుకున్నారు. అంతే."

అంతే అన్నాను కానీ గడియారం ఇంకా ఉంది, ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నేను వెళ్ళి కూర్చోవాలని మర్చిపోయాను, వెర్లిన్ వెళ్ళమనడం మర్చిపోయాడు, అంకెలు తిరుగుతూనే ఉన్నాయి, హాలంతా ఆ అంకెల వైపే చూస్తోంది, నేనూ చూశాను, పైనున్న కిటికీలోంచి చల్లగాలొచ్చి మెడ మీద తగిలింది, ఇంత నిశ్శబ్దం నాకు కొత్తగా ఉంది, ఇన్నాళ్ళూ నా నిశ్శబ్దం నాలోపలుండేది, ఇప్పుడు బయట అందరి మధ్యా ఉంది, మోయడానికి ఎంతమందో ఉన్నారు. బజరు మోగింది. అందరూ ఎగిరిపడ్డారు, నేనూ, ఎవరి కప్పో కిందపడి దొర్లింది.

"వెర్లిన్" అంది లవాన్ బల్ల దగ్గర్నుంచి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి. "నాకు దానికి జవాబు రాలేదు. అవునని రాసుకోనా, కాదని రాసుకోనా? చెల్లెలని రాయడానికి చోటు లేదు ఇక్కడ."

వెర్లిన్ మొహం ఎర్రబడిపోయింది. "లవాన్, కాసేపు—"

"అవునండి" అన్నాను. "రెసిడెంట్‌నే." ఈసారి ఎవరూ నవ్వలేదు, లవాన్ మాత్రం తలూపి గుండ్రటి అక్షరాలతో రాసుకుంది, ఆవిడ కలం గీసుకునే చప్పుడు వినపడింది నాకు.

మా ఊళ్ళో ఓటంటే చేతులెత్తడం కాదు, కావాలనేవాళ్ళు హోమ్ అని వెలిగే వైపు, బంతి వేసే బుట్ట కిందికీ, వద్దనేవాళ్ళు గెస్ట్ వైపు బుట్ట కిందికీ వెళ్ళాలి, ఊరికే వెళ్ళడం కాదు, ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకుని వెళ్ళి అక్కడ వేసుక్కూర్చోవాలి, కుర్చీ మొయ్యనివాడి అభిప్రాయం అభిప్రాయం కాదని పాతవాళ్ళు పెట్టిన పద్ధతట. నా మడత కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని నడిచాను, హోమ్ బుట్ట కింద నేల మీద వంపు తిరిగిన పెద్ద గీత ఉంది, దాని మీద వేసుకుని కూర్చున్నాను, ఒక్కదాన్నే, తల దించుకునే ఉన్నాను, వినడమే, కుర్చీలు మడిచే చప్పుళ్ళు, బూట్లు, దగ్గులు, అన్నీ అటే వెళుతున్నట్టున్నాయి. తర్వాత ఒక కుర్చీ నేల మీద గీరుకుంటూ ఇటు వస్తున్న చప్పుడు, మొయ్యలేక ఈడ్చుకొస్తున్న చప్పుడు, ఆ మోకాలి నొప్పి నడక నాకు తెలుసు.

"అయితే ఆ పక్కూరి చర్చి ఇదన్నమాట" అంది ఆర్డిస్, రొప్పుతూ కుర్చీ విప్పుకుని. "ఊరంతా చెప్పుకున్నానే నేను, మా సిటీ పిల్లకి భక్తెక్కువని."

"సారీ ఆర్డిస్."

"మరి నా బిస్కెట్లు? పాస్టరెవడు?"

"లోపలికి రానివ్వరు. కారులో కూర్చుని నేనే తినేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

"ఎలా ఉన్నాయో ఒక్కసారీ చెప్పలేదేం" అంది, కోపంగానే అంది, తర్వాత నా చెయ్యి తీసుకుని తన కోటు జేబులో పెట్టుకుంది, తన చెయ్యీ ఎరచేపల వాసనే. నీళ్ళు బెదరలేదు ఆర్డిస్, అనుకున్నాను. పాలకేంద్రం ముసలాయన వచ్చి ఆర్డిస్ పక్కన కుర్చీ వేసుకున్నాడు, ఇంకెవరో వచ్చారు, కోచ్ వచ్చాడు, బుట్ట కింద చోటు చాలక కుర్చీలన్నీ ఆ వంపు గీత వెంటే పడుతున్నాయి, ఒక్కొక్కటీ తర్వాతిది, తల ఎత్తి చూసేసరికి మేమందరం గుండ్రంగా కూర్చుని ఉన్నాం, ఒకరి మొహాలు ఒకరికి కనపడేలా. అటువైపు కూడా చాలామంది, చాలా చాలా మంది. వెర్లిన్ ఇటోసారి, అటోసారి వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు, లవాన్ తప్పంటే మళ్ళీ లెక్కపెట్టాడు, మైకు దగ్గరికెళ్ళి గొంతు సవరించుకుని "పైపు పడుతుంది" అన్నాడు. "కొద్దిలో. నా లారీ అమ్ముకోవాల్సిందే ఇంక." నవ్వారు, మెల్లిగా, నిమ్మకాయ బిళ్ళల మీదున్న కాగితం తీసేశారు, ఆర్డిస్ జేబులో నా వేళ్ళు విరిగిపోతాయేమోనన్నంత గట్టిగా నొక్కేసింది.

కుర్చీలు మళ్ళీ గోడకి పేర్చాలి. నాది ఎత్తుకుని వెళుతుంటే డ్వేన్ ఎదురొచ్చాడు, గెస్ట్ వైపు నుంచి, భుజాన కుర్చీ, ఆగాడు, నేనూ ఆగాను. ఆయన కళ్ళలోకి చూశాను, తప్పించుకోకూడదనుకున్నాను, ఆయన తన టోపీ వైపు చూసుకున్నాడు, నా చేతుల వైపు చూశాడు.

"చెరువు మీద మంచు ఇంకో వారం ఆగుతుంది" అన్నాడు. "రేపు పొద్దున్న పెద్ద సైజు ఎరచేపలు కావాలి నాకు."

"రేపు ఆదివారం డ్వేన్ గారూ, కొట్లో ఆర్డిస్ ఉంటుంది. నేను రేపు..." అని ఆగాను, పక్కూరి చర్చికని ఇన్నాళ్ళూ తిరిగిన నాలుక, "రేపు కొండమీదికెళ్తాను."

డ్వేన్ కుర్చీని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. ఆర్డిస్ ఎక్కడుందో ఓసారి చూసుకుని గొంతు తగ్గించాడు.

"ఆవిడ చచ్చినవి అంటగడుతుంది. సోమవారం వస్తాలే" అన్నాడు.